గ్లూటెన్ అంటే జిగురేనా?

పర్లాకిమిడి నుంచి:
గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పదార్థానికి తెలుగులో "జిగురు" అంటే చాలదా అని ఇక్కడ ఒకరు అడిగారు. నేనూ చాలుననే అనుకున్నాను. దానివల్ల మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా అక్క కూతురికి గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉందని తేలింది. గ్లూటెన్ ఉన్నదేదీ పెట్టవద్దన్నారు డాక్టరు. అదేమిటని అమ్మ అడిగితే, జిగురు పదార్థమని నేనే చెప్పాను. ఆనాటి నుంచి అమ్మ ఆ పిల్లకు బెండకాయ, చేమదుంప మానేసింది. బొంబాయి రవ్వ ఉప్మా మాత్రం పొడిపొడిగా ఉంటుంది కదా అని రెండుసార్లు పెట్టింది. ఆ రవ్వ గోధుమదే. పిల్ల రాత్రంతా కడుపునొప్పితో ఏడ్చింది. అమ్మ తప్పు లేదు. నేను చెప్పిన మాటనే ఆవిడ నమ్మింది.

మాట పుట్టుక చూస్తే నేను చెప్పింది నిజమే. లాటిన్‌లో గ్లూటెన్ అంటే జిగురు, బంక. ఇంగ్లీషు గ్లూ కూడా ఆ కుటుంబానిదే. బొలోన్యా నగరంలో బెక్కారి అనే పండితుడు గోధుమపిండిని నీళ్ళతో కడిగి, పిండిపదార్థం పోగా మిగిలే సాగుడు ముద్దను వేరుచేశాడు. ఆ పరిశోధన 1745లో అచ్చయింది. చపాతీ ముద్దను గిన్నెడు నీళ్ళలో పిసుకుతూ నీళ్ళు మారుస్తూ పోతే మనకూ అదే మిగులుతుంది, రబ్బరులా సాగుతుంది. అందులో ముఖ్యమైనవి గ్లయడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు. గ్లయడిన్ పేరులోనూ జిగురే ఉంది, అది గ్రీకు మాట.

జయపురం నుంచి:
మా వైపు ఇంకో చిక్కుంది. ఒడియాలో అటా అంటే గోధుమపిండి, అఠా అంటే జిగురు. మధ్యలో ఒక్క వత్తే తేడా. ఇది వినికిడి పోలిక మాత్రమే, కానీ అంగడిలో ఒకటి అడిగితే మరొకటి వినిపిస్తుంది. ఇంగ్లీషులో గ్లూటినస్ రైస్ అనే జిగట బియ్యంలో గ్లూటెన్ ఉండదు. అక్కడ ఆ మాటకు అతుక్కునేదన్న పాత అర్థమే మిగిలింది.

రాయగడ నుంచి:
మాటలకు ప్రత్యయాలు వరుసగా అతుక్కునే తెలుగు వంటి భాషలను ఇంగ్లీషులో అగ్లూటినేటివ్ అంటారు. ఆ పేరులో ఉన్నదీ ఈ లాటిన్ మాటే. "ఊళ్ళలోనుంచి" అన్నప్పుడు ఊరుకు లు, లో, నుంచి ఎలా అంటుకున్నాయో చూడండి. గ్లూటెన్‌కు "గోధుమ బంక" అందామా? పోస్టర్లకు మైదా ఉడికించి రాసే బంక అందరికీ తెలిసిందే.

పర్లాకిమిడి నుంచి:
"గోధుమ బంక" వినగానే అర్థమవుతుంది, నాకూ నచ్చింది. కానీ బార్లీలోని అలాంటి ప్రోటీన్లు కూడా ఆ పిల్లకు పడవు. గోధుమ అనగానే బార్లీ మరుగున పడిపోతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది. చదివేవారికి అందని మాట ఎంత అందంగా ఉన్నా ఇక్కడ నా మనసు ఒప్పదు. డబ్బా మీద గ్లూటెన్ అనే ఉండనివ్వండి, పక్కన తిండి పేర్లు రాయండి. వంటింటి గోడమీద అమ్మకు నేను ఇప్పుడు అలాగే రాసిపెట్టాను: "గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమియా, బార్లీ వద్దు. ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, డబ్బా చదవాలి. బియ్యం, చోళ్ళు (రాగులు), బెండకాయ పెట్టవచ్చు."