లడాఖ్‌లో ఉన్న తమ్ముడికి సకినాలు పంపితే పిండి అయి చేరాయి, ఈసారి ఏం పంపాలి, ఎలా పంపాలి?

మిర్యాలగూడ అన్న:
మా తమ్ముడు ఆర్టిలరీ. నాసిక్‌లో ట్రైనింగ్ అయ్యాక మొదటి పోస్టింగే లడాఖ్ పడింది. సంక్రాంతికి ఛుట్టీ దొరకలేదని అమ్మ రెండు కిలోల సకినాలు, గారెలు, ఒక సీసా మామిడికాయ తొక్కు కట్టిస్తే నేనే పోస్టాఫీసులో వేసి వచ్చాను (కౌంటర్‌లో ఏముందని అడిగితే పిండివంటలు అన్నాను, తొక్కు సంగతి చెప్పలేదు, తప్పు నాదే). ఇరవై రెండు రోజులకు చేరింది. సకినాలు పిండి పిండి, సీసా మూత ఊడి నూనె మొత్తం గారెలకు పట్టింది. వాడేమో ఫోన్‌లో "మస్తుగున్నాయమ్మా, అందరం తిన్నాం" అన్నాడు. అమ్మ వీడియోలో చూపించమంటే నెట్‌వర్క్ లేదని కట్ చేసి, తర్వాత నాకొక్కడికే ఫొటో పెట్టాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు ఆమె మళ్లీ మొదలుపెట్టింది. అరిసెలు అంటోంది, మా తోట బత్తాయిలు కూడా పెట్టమంటోంది. వాణ్ణి అడిగితే ఏం వద్దు, ఇక్కడ అన్నీ ఇస్తారు అంటాడు. నిజంగానే ఇస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు హవల్దార్ (రిటైర్డ్):
తమ్మీ, ముందు నీ పోస్టు కింద పెట్టిన పార్సిల్ ఫొటో తీసెయ్. యూనిట్ పేరు, ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) పిన్ నెంబరు అన్నీ కనిపిస్తున్నాయి. అవి ఇట్లా నలుగురిలో పెట్టేవి కావు.

ఇక నీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. రేషన్‌కు లోటుండదు. పొద్దున పూరీయో పరాటాయో, మధ్యాహ్నం పప్పు, రొట్టె, అన్నం, సబ్జీ, కొన్ని రోజులు మాంసం, బడా ఖానా (యూనిట్ అంతా కలిసి తినే విందు) ఉంటే ఇంకా ఎక్కువే. కానీ ఆ లంగర్ (ఫౌజు వంటశాల) పప్పులో చింతపండు ఉండదు చూడు, అక్కడొస్తుంది బాధ. నేను 17 ఏళ్లు చేశాను, మొదటి ఏడాదంతా నాకు ఇల్లు గుర్తొచ్చింది పచ్చిపులుసు దగ్గరే. పొద్దున పీటీ, ఫాలిన్ (వరుసలో నిలబడే హాజరు), తర్వాత బండ్లు, తోపుల మెయింటెనెన్స్, సాయంత్రం ఆటలు, రోల్‌కాల్, రాత్రి సంత్రీ డ్యూటీ, వీటిలో పడి పగలు ఏదీ గుర్తు రాదు. రాత్రి రెండు గంటల డ్యూటీ దిగి వచ్చి బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) పక్కన కూర్చున్నప్పుడు మాత్రం కారంగా ఏదన్నా నాలుక మీద పడితే బాగుండని ప్రాణం పీకుతుంది. అన్నం కూడా ఎత్తు ప్రాంతంలో మన అన్నంలా ఉండదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే మెతుకు సరిగ్గా ఉడకదు.

తొక్కు పంపినా ఇంకో తమాషా ఉంది. మనం పల్లినూనె పోస్తాం కదా, ఆ చలికి అది నెయ్యిలా గడ్డకడుతుంది. మేం సీసాను బుఖారీ దగ్గర పెట్టి కరిగించి తినేవాళ్లం.

బత్తాయిలు మాత్రం వద్దు. దారిలోనే కుళ్లి మిగతావాటినీ పాడుచేస్తాయి. చలికాలం జోజిలా కనుమ (శ్రీనగర్ నుంచి లడాఖ్ పోయే దారి) మీద మంచు పడి రోడ్డు మూసేస్తే టపాకు విమానమే దిక్కు, వాతావరణం బాగా లేకపోతే అదీ దిగదు. నీ ఇరవై రెండు రోజులు మంచి స్పీడే.

ఐటీ బ్రో:
ఇంత టెన్షన్ ఎందుకు, ఏదన్నా యాప్‌లో ఆర్డర్ పెట్టి కొరియర్ చేయించు.

నల్లగొండ కోడలు:
బ్రో, ఏపీఓ అడ్రసుకు కొరియర్ వాళ్లు రారు, పోస్టాఫీసు ఒక్కటే దారి. 56 ఏపీఓ టపా ఢిల్లీ మీదుగా, 99 ఏపీఓది కోల్‌కతా మీదుగా పోతుంది, ఊరి పేరు అసలు రాయకూడదు. ఆర్మీ నెంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్ రాస్తే చాలు.

మిర్యాలగూడ తమ్ముడూ, మా ఆయన ఫౌజులో తొమ్మిదేళ్ల నుంచి ఉన్నారు, నేనూ మొదట్లో నీలాగే పిండి పంపినదాన్నే. సకినాలను కవర్‌లో కుక్కొద్దు. గుండ్రటి స్టీలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన ఖాళీ లేకుండా మరమరాల చుడువా నింపు. డబ్బా కదలదు, ఆ నింపింది కూడా తినేదే. మూతకు చుట్టూ టేపు వేసి, అట్టపెట్టెలో పెట్టి, పైన తెల్లగుడ్డ కుట్టు. అడ్రసు గుడ్డ మీదా, లోపల పెట్టె మీదా రాయి.

నన్నడిగితే సకినాల కంటే పొడులే ఎక్కువ పంపు. పల్లీల పొడి, నువ్వుల పొడి, కుడుక కారం. చింతపండు, ఎండుమిరప, జీలకర్ర, ఉప్పు కలిపి రోట్లో దంచి ఉండలు చేసి పంపితే వేడినీళ్లలో కలుపుకుని పులుసులా తాగుతారు. నూనె తొక్కు పోస్టులో వద్దు, ఛుట్టీకి వచ్చి తిరిగి పోయే అదే యూనిట్ వాళ్ల చేతికివ్వు. ఇంకో మాట, ఒక్కడికి సరిపడా లెక్క కట్టొద్దు. బ్యారక్‌లో డబ్బా మూత తీస్తే మంచం చుట్టూ అందరూ ఉంటారు, మా ఆయనకు ఎప్పుడూ చివరి నాలుగే మిగిలేవట.

పాలమూరు హవల్దార్ (రిటైర్డ్):
నాలుగు మిగిలాయంటే అదృష్టవంతుడే చెల్లెమ్మా. మా దాంట్లో ఒక పంజాబీ ఉండేవాడు, పల్లీల పొడిని రొట్టెలో చుట్టుకుని తినేవాడు. నా ఛుట్టీ శాంక్షన్ అయిందంటే నాకంటే వాడికే సంబరం.

మిర్యాలగూడ అన్న:
ఫొటో తీసేశాను కాకా, ఆ సంగతి తట్టలేదు. అక్కా, చాలా థ్యాంక్స్. నిన్న తమ్ముడికి గట్టిగా చెప్పి అడిగితే అప్పుడు బయటపడ్డాడు, కారప్పొడి కావాలట, ఎనిమిది మందికి. ఆ సకినాల పిండిని కూడా పారేయలేదట, మగ్గుల్లో చాయ్ పోసుకుని అందులో వేసుకుని స్పూన్లతో తిన్నారట. అది విన్నాక అమ్మకు ఫొటో చూపించేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నమిలినంక అయ్యేది అదే కదరా" అంది.

సోమవారం పోస్టు చేస్తున్నాను. పొడులు నాలుగు కిలోలు, సకినాలు ఒక డబ్బా. బత్తాయిలు వద్దని రెండుసార్లు తీశాను, మూడోసారి మళ్లీ పెట్టెలో కనిపించాయి.