మార్కు 10:45లోని "విమోచన క్రయధనము"ను మన మాటల్లో ఏమనాలి?

ప్రశ్న (అచ్చంపేట నుంచి):
అందరికీ నమస్తే. మా స్త్రీల కూటంలో మార్కు సువార్త పదో అధ్యాయం చదువుతున్నం. "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా తన ప్రాణము నిచ్చుటకును" అనే దగ్గర ఒక పెద్దమ్మ ఆపి, "గింత పెద్ద మాటను మనం ఏమంటం బిడ్డా?" అని అడిగింది. ఒకరు రక్షణ అన్నరు, ఒకరు బలి అన్నరు. తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు (నల్గొండ నుంచి):
అక్కా, పెద్దమ్మ ఆపాల్సిన చోటే ఆపింది. ఆ వాక్యం మొత్తం బరువు ఆ రెండు మాటల మీదే ఉంది.

విమోచన అంటే విడుదల. సెప్టెంబర్ 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా అని మన దగ్గర ఏటా వాదన నడుస్తది కాబట్టి ఆ మాట కొత్తేం కాదు. క్రయం అంటే కొనడం, క్రయవిక్రయాల్లో ఉన్నది అదే. గ్రీకు మూలంలో ఈ రెండింటికీ కలిపి ఉన్నది "లూట్రోన్" అనే ఒకే మాట. బానిసనో, యుద్ధంలో చిక్కిన ఖైదీనో విడిపించుకోవడానికి కట్టే సొమ్ముకు అప్పట్లో అదే పేరు. రక్షణ అంటే తప్పేం కాదు, కానీ అందులో ఖరీదు మాట రాదు. ఇక్కడ చెప్తున్నదే ఖరీదు గురించి.

మన పాలమూరు, దేవరకొండ దిక్కు దీన్ని విడమర్చి చెప్పే పనే లేదు. తండ్రి తెచ్చిన బాకీకి కొడుకు ఆసామి ఇంట్లో జీతముండుడు మన పెద్దలు కండ్లారా చూసిందే. పొద్దున పేడ తీసే కాడ మొదలుపెట్టి రాత్రి ఎడ్లకు మేత వేసేదాక చేసినా లెక్క తెగేది కాదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినంక కూడా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరక ప్రాజెక్టు పనుల్లో చిక్కుకున్నోళ్లు ఎందరో. అట్లాంటి మనిషి బాకీని సొంతవాళ్లు కట్టి ఇంటికి తోలుకొస్తే "ఇడిపించుకొచ్చిండు" అంటం గదా. పెద్దమ్మకు "ఇడిపించే పైకం" అని చెప్పండి, చాలు.

లేవీయకాండం 25లో ఉన్నది సరిగ్గా ఇదే సంగతి. బీదరికంతో తన్ను తాను అమ్ముకున్నవాణ్ణి అన్నదమ్ముడో, చిన్నాయనో, రక్తసంబంధం ఉన్న ఇంకొకరో విడిపించొచ్చు. విడిపించేవాడు సొంతవాడై ఉండాలి, చేతిలో పైకం ఉండాలి. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే 49వ కీర్తన, మనిషి తన సహోదరుణ్ణి మరణం నుంచి విడిపించలేడని తెగేసి చెప్తది. మార్కు ఎనిమిదో అధ్యాయంలో యేసే అడుగుతడు: మనుష్యుడు తన ప్రాణమునకు "ప్రతిగా" ఏమియ్యగలుగును? అక్కడ ఎవరూ జవాబియ్యరు. రెండు అధ్యాయాల తర్వాత 10:45లో అదే "ప్రతిగా" మళ్లీ వస్తది, ఈసారి జవాబుతో: "తన ప్రాణము". చాలామంది ఈ రెండు వచనాలను కలిపి చదవరు. నాకైతే మార్కు సువార్త మొత్తానికి నడుము ఇక్కడే ఉన్నట్టు అనిపిస్తది.

ఆ వాక్యం మొదట్లో ఉన్న "మనుష్యకుమారుడు" అన్న బిరుదును కూడా వదలొద్దు. దానియేలు 7లో సకల జనులూ సేవించేటట్టు ఆధిపత్యం పొందినవాడు ఆయనే. అంతటివాడు సేవ చేయించుకోవడానికి రాలేదట, చేయడానికి వచ్చిండట. ఆయన ఎవరు, ఎందుకొచ్చిండు అనే రెండు ప్రశ్నలను ఈ వాక్యం విడదీయనియ్యదు. మనిషిగా పుట్టిండు కాబట్టి మన సొంతవాడు, ఆయన మీద ఏ బాకీ లేదు కాబట్టి కట్టగలిగినవాడు. 451లో కల్సెదోను ఊర్లో కూడిన సంఘ పెద్దల సభ ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని ఒప్పుకున్నదంటే, అది పండితుల గొడవ అని పక్కకు పెట్టేది కాదు. మన విడుదల దాని మీదే నిలబడి ఉంది.

ఇంకొకటి. కూటంలో 45 ఒక్కటే కాకుండా 35 నుంచి చదవండి. నీ కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు కూర్చుంటమని యాకోబు, యోహాను యేసును అడిగితే మిగతా పదిమంది శిష్యులకు కోపం వస్తది. ఆ కుర్చీల పంచాయితీకి జవాబుగా వచ్చిన మాట ఇది. సంఘ కమిటీ ఎన్నికలప్పుడు మన దగ్గర జరిగేది చూసి బాధపడే చెప్తున్న.

వ్యాఖ్య (కల్వకుర్తి నుంచి):
సార్, మరి ఆ పైకం ఎవరికి ముట్టినట్టు?

జవాబు:
మంచి ప్రశ్న అన్నా, పాతదే. మూడో శతాబ్దంలో ఓరిగెను అనే క్రైస్తవ పండితుడు సాతానుకు ముట్టింది అన్నడు. దొంగకు దేవుడు సొమ్ము కట్టుడేంది అని నాలుగో శతాబ్దంలో నజియాంజు గ్రెగరీ అనే బిషప్పు గట్టిగా కాదన్నడు. పదకొండో శతాబ్దం చివర అన్సెల్ము అనే ఇంకో సంఘ పండితుడు, బాకీ దేవునికే ఉన్నం, అది మనిషే కట్టాలె, కానీ కట్టే శక్తి దేవునికే ఉంది, అందుకే దేవుడు మనిషైండు అని వివరించిండు. మార్కు మాత్రం తీసుకున్నవాని పేరు ఎత్తనే ఎత్తడు. ఇచ్చినవాణ్ణి, విడుదలైనవాళ్లను చూపించి ఊరుకుంటడు. ఉపమానాన్ని అంతకు మించి సాగదీయడం నాకు సరిగా తోచదు.

వ్యాఖ్య (మిర్యాలగూడ నుంచి):
"అనేకులకు" అన్నడు గదా, అంటే అందరికీ కాదనా?

జవాబు:
ఈ విషయంలో సంఘాల మధ్య భేదం ఉన్న మాట నిజమే. నేను చదివినంతలో ఇది యెషయా 53 నుంచి వచ్చిన పలుకుబడి, అక్కడ దేవుని సేవకుడు "అనేకుల పాపమును" భరిస్తడు. ఒక్కడు ఒక దిక్కు, అనేకులు ఒక దిక్కు అని చూపించడానికే ఆ మాట. కొందరిని వదిలిపెట్టిండని చెప్పడానికి కాదు. మొదటి తిమోతి 2:6లో ఇదే విమోచన క్రయధనం "అందరికొరకు" అని ఉంది. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదవండి.