మంచు సరస్సుల కింది ఊళ్ళను ఖాళీ చేయించాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలో జరిగిన ఘోరం గుర్తుండే ఉంటుంది. 5,200 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ ల్హోనాక్ సరస్సులోకి దాని పక్క గట్టు విరిగిపడింది. అది రాతికొండ కాదు, హిమానీనదం ఏళ్ళ తరబడి తోసుకొచ్చి పోసిన రాళ్ళూ మట్టీ. లోపలి మంచు గడ్డకట్టి ఉన్నన్నాళ్ళే దానికి పట్టు. సుమారు 1.47 కోట్ల ఘనపు మీటర్ల మట్టి ఒక్కసారిగా నీళ్ళలో పడేసరికి అల లేచి సరస్సు ముందు కట్ట తెగింది. అర్ధరాత్రి దాటాక వరద దిగువన తీస్తా నది ఒడ్డునున్న చుంగ్‌థాంగ్ చేరి 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు ఆనకట్టను ఊడ్చుకుపోయింది. చనిపోయినవారూ గల్లంతైనవారూ కలిపి వందకు పైనే.

ఇది అక్కడితో ఆగేది కాదు. హిందూకుష్ హిమాలయాల్లో 2011–2020 మధ్య హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కన్నా 65 శాతం వేగంగా తరిగాయని ఖాట్మండులోని పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ ఇసిమోడ్ 2023లో తేల్చింది. ఆ కరిగిన నీరు చేరి ఇలాంటి సరస్సులు పెరుగుతాయి. ఏ సరస్సు ఏ రోజు తెగుతుందో చెప్పలేకపోయినా, వేటిని చూసి భయపడాలో శాస్త్రవేత్తలకు తెలుసు. అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను. ఆ సరస్సుల కింది ఊళ్ళను ప్రభుత్వాలు ఇప్పుడే, శాశ్వతంగా తరలించాలి. మనుషులు పోయాక పరిహారం ఎవరి చేతిలో పెడతారు?

కొండకింద ఊరు (శ్రీకాకుళం జిల్లా)

నాగావళి గారూ, మీ ఆదుర్దా అర్థమైంది. కానీ తరలింపు ఎలా ఉంటుందో అనుభవించినవాడిగా రాస్తున్నాను. మా ఊరు మన ప్రాంతంలోని ఒక రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. కాలనీలో ఇంటిస్థలం ఇచ్చారు, కాదనను. అక్కడ పశువును కట్టడానికి చోటు లేదు. ఎడ్లబండి మలుపు తిరగని సందులు. పంట నూర్చడానికి కళ్ళం లేదు, అసలు నూర్చడానికి పంటే లేదు. మా నాన్న గేదెలను ఒకదాని తరువాత ఒకటి అమ్మేశారు. చెరువు కింద రెండు పంటలు పండే పొలానికి వచ్చిన డబ్బు ఇంటికి శ్లాబు పడేలోపే అయిపోయింది. ఆ తరువాత మా వయసువాళ్ళం అందరం కూలికి చెన్నై రైలెక్కాం. మా ప్రాణాలు నిలిచాయి, బతుకుతెరువు పోయింది.

హిమాలయ లోయల్లో ఇది ఇంకా కష్టం. నది అంచున ఉన్న కాస్త చదును నేల మీదే ఊరూ పొలమూ బజారూ. పైకి జరగమంటే పైన ఉన్నది వాలు. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్ళ గోడలు నిలువునా బీటలు వారాయి. ఆ పట్టణం ఎప్పుడో జారిపడిన కొండచరియ మట్టి మీద కట్టినది. వరదకు భయపడి ఎక్కినవాళ్ళకు కాళ్ళ కింది నేలే కదిలితే ఎక్కడికి పోవాలి?

నన్ను ఎక్కువగా బాధించే సంగతి వేరే ఉంది. ఉత్తర సిక్కింలోని జొంగూకు చెందిన లెప్చా ఆదివాసులు 2007లోనే తీస్తా మీద వరుసగా ఆనకట్టలు వద్దని నిరాహార దీక్షలు చేశారు. ఆ నేలను, ఆ నదిని పుట్టిన నాటి నుంచి చూస్తున్నవాళ్ళు వాళ్ళు. వాళ్ళ మాట సగం విన్నారు, కొన్ని ప్రాజెక్టులు రద్దయ్యాయి, కొన్ని లేచాయి. తెగిన తీస్తా-3 చోటే ఈసారి దాదాపు 118 మీటర్ల కాంక్రీటు ఆనకట్ట కట్టవచ్చని 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల సంఘం సిఫారసు చేసింది. పాతది 60 మీటర్లే. ఆనకట్ట ఉండవచ్చు గానీ ఊరు ఉండకూడదా? ఏ న్యాయం ఇది?

బొబ్బిలి సివిల్ (విజయనగరం జిల్లా)

మధ్యలో ఇంకో దారి ఉంది, దాన్ని ఇద్దరూ వదిలేశారు. సరస్సు నీటిమట్టాన్నే తగ్గించడం. నేపాల్‌లో ఎవరెస్టు దగ్గరి ఇంజా సరస్సును 2016లో సైన్యం సాయంతో కాలువ తవ్వి, గేటు పెట్టి, దాదాపు 3.4 మీటర్లు దించారు. 5,000 మీటర్ల ఎత్తున గాలి అందక మనిషి పలుగు ఎత్తడమే గొప్ప, అక్కడ ఈ పని చేశారు.

అయితే దీన్ని సర్వరోగ నివారిణి అనలేను. దక్షిణ ల్హోనాక్‌లోనూ 2016లో పైపులు వేసి నీరు తోడారు. చాలలేదు. పెరూలో 1941లో పాల్కకోచా సరస్సు తెగి హువారాజ్ పట్టణంలో వేలమంది చనిపోయారు. ఆ తరువాత ఆ దేశం ఎన్నో సరస్సులకు కాలువలు, సొరంగాలు, రక్షణ కట్టలు కట్టింది. పాల్కకోచాకు కూడా 1974కల్లా కట్టలు పూర్తయ్యాయి. కానీ వెనక హిమానీనదం తరుగుతూనే ఉండడంతో 2009 నాటికి ఆ సరస్సు నీరు 30 రెట్లకు పైగా పెరిగింది. ఒకసారి చేసి చేతులు దులుపుకొనే పని కాదిది. ఏటా మనుషులు కొండెక్కి కొలవాలి, గేట్లు చూడాలి, మళ్ళీ తవ్వాలి. అందుకు ఏటా బడ్జెట్ కావాలి. నా భయం దాని గురించే.

నాగావళి గట్టు

సివిల్ గారూ, మీరు చెప్పిన హువారాజ్ నా వాదనకే బలం. వరద వచ్చిన దారిలో మళ్ళీ ఇళ్ళు కట్టవద్దని అధికారులు అడ్డుకోబోతే జనం ఒప్పుకోలేదు, అక్కడే కట్టుకున్నారు. ఇవాళ పెరిగిన అదే సరస్సు కింద వాళ్ళ మనవలు కాపురముంటున్నారు. జనం ఇష్టానికే వదిలేస్తే జరిగేది ఇదే.

ఉద్దానం కొబ్బరి (శ్రీకాకుళం జిల్లా)

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస తీరాన్ని తాకింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అయినా ఉద్దానాన్ని శాశ్వతంగా ఖాళీ చేయమని ఎవరూ అనలేదు, మేమూ వెళ్ళం. ముందుగా చెబితే తుపాను షెల్టరుకు వెళ్తాం, గాలి తగ్గాక తిరిగొస్తాం. కొండల్లోవారికీ ఆ పాటి హెచ్చరిక అందాలి. స్విట్జర్లాండ్‌లో బ్లాటెన్ ఊరిని 2025 మే 19న ఖాళీ చేయించారు, మే 28న హిమానీనదం కూలి ఊరిని కప్పేసింది. ఊరిలోని దాదాపు 300 మందీ అప్పటికే బయట ఉన్నారు, ప్రాణం పోయింది ఒక్కరికే. సిక్కింలో ఆ సరస్సు దగ్గర కెమెరా పెట్టిందే 2023 సెప్టెంబరులో, వరదకు కొద్ది వారాల ముందు. చేతులు కాలే వేళకు ఆకుల కోసం వెళ్ళినట్టయింది.

నాగావళి గట్టు

తుపాను వస్తోందని రోజుల ముందే తెలుస్తుంది. సరస్సు తెగితే గంటలే, పై ఊళ్ళకు నిమిషాలే. రాత్రి నిద్రలో ఉన్న ముసలివాళ్ళు, పసిపిల్లలు ఎంత దూరం పరుగెడతారు? బ్లాటెన్‌లో కొండ కదలడం ముందే కనిపించింది, అన్నిచోట్లా అలా కనిపించదు.

కొండకింద ఊరు

నిజమే. అందుకే ఎవరూ ఎక్కడికీ కదలకూడదని నేను అనడం లేదు. లద్దాఖ్‌లోని జంస్కార్‌లో కుమిక్ అనే ఊరికి నీరిచ్చే వాగు, పైన మంచు తగ్గి ఎండిపోతూ వచ్చింది. ఊరివాళ్ళే మాట్లాడుకుని, దిగువన బీడు నేలకు నది నుంచి కాలువ తవ్వుకుని అక్కడికి మారడం మొదలుపెట్టారు. ముందు నీళ్ళు చూసుకున్నారు, తరువాతే ఇళ్ళు. మాకు ముందు ఇళ్ళిచ్చారు, నీళ్ళూ నేలా ఇవ్వలేదు. నేను చెప్పే తేడా అదే.

నాగావళి గట్టు

అయితే ఒకటి అడుగుతాను. కనీసం బడినీ ఆసుపత్రినీ వరద అందని చోటికి ముందు మార్చడానికి మీకు అభ్యంతరమా?

కొండకింద ఊరు

లేదు. రేపే మార్చమనండి. పొలం చూపించకుండా ఇళ్ళ జోలికి మాత్రం రావద్దనండి. ఆ 118 మీటర్ల ఆనకట్ట సంగతి కూడా ఆ ఊళ్ళవాళ్ళను కూర్చోబెట్టి అడగమనండి.