అప్‌డేట్: నోకియా 1100 మళ్లీ మోగింది

మొన్న అడిగాను కదా, బీరువాలో పడున్న నోకియా 1100 ఇప్పుడు పనిచేస్తుందా అని. పనిచేస్తోంది! కడప సెవెన్ రోడ్స్ దగ్గర చిన్న షాపులో బీఎల్-5సీ బ్యాటరీ దొరికింది, షాపాయన 'ఇంకా ఉందా అన్నా ఇది' అని కాసేపు ఆయనే ఆడుకున్నాడు. మీలో ఒకరు చెప్పినట్టు ఇది 2జీ ఫోన్, జియోకేమో 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేసి లాభం లేదు, ఎయిర్‌టెల్ నానో సిమ్‌కి పెద్ద సిమ్ సైజు అడాప్టర్ పెట్టి వేస్తే సిగ్నల్ వచ్చేసింది. స్నేక్ 2 గేమ్‌లో పాత స్కోరు అలాగే ఉంది, దాన్ని దాటడం ఇప్పట్లో నావల్ల కాదులే. అసలు మజా మెసేజ్‌లదే, 160 అక్షరాల్లో, అంకెల బటన్లు టకటకా నొక్కుతూ ఇంగ్లిష్ లిపిలో తెలుగు. మా చెల్లికి 'తిన్నావా' అని పంపితే, వాట్సాప్ పోయిందా అన్నా అని వెంటనే ఫోన్ చేసింది. ఇందులోని ఇంకో గేమ్ స్పేస్ ఇంపాక్ట్ గురించి అడిగినాయన ఏమనుకోవద్దు, అది నాకు ఎక్కలేదు.