ఆమదాలవలసను శ్రీకాకుళంలో కలపాలా? హద్దులు అలాగే ఉంచి పనులు కలిసి చేసుకోవాలా?

ఏడు రోడ్ల వాసి:

రైలు టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. దిగేది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళంలోని ఏడు రోడ్ల కూడలికి రావాలంటే బస్సులోనో ఆటోలోనో మరో పది పన్నెండు కిలోమీటర్లు. ముప్పై ఏళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నాను. అప్పుడు దారి పొడవునా పొలాలు ఉండేవి. ఇప్పుడు చాలా చోట్ల ప్లాట్ల హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. ఇంకొన్నేళ్లు పోతే ఒక ఊరు ఎక్కడ ఆగి ఇంకో ఊరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమవుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండింటినీ ఒకే నగరపాలక సంస్థ కిందికి తేవాలి. 2011 జనగణన నాటికి శ్రీకాకుళం జనాభా లక్షా పాతిక వేలు దాటింది, ఆమదాలవలసది దాదాపు 40 వేలు. ఈ మాత్రం జనానికి ఇద్దరు కమిషనర్లు, రెండు ఇంజనీరింగ్ విభాగాలు, రెండు చోట్ల చెత్త యార్డులు అవసరమా? మన జిల్లాలోనే పలాస, కాశీబుగ్గ రెండూ కలిసి ఒకే మున్సిపాలిటీగా నడుస్తున్నాయి. అక్కడ కుదిరినది ఇక్కడ ఎందుకు కుదరదు? కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాను.

స్టేషన్ వీధి:

అన్నగారూ, పలాస, కాశీబుగ్గ ఇంటికి ఇల్లు ఆనుకుని పెరిగిన ఊళ్లు. మన రెండింటి మధ్య పంచాయతీలు ఉన్నాయి, పంట భూములు ఉన్నాయి, వాటికి సర్పంచులు ఉన్నారు. మీరు రెండు ఊళ్లను కలపడం గురించి మాట్లాడుతున్నారు గానీ మధ్యలో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

కలిసిన తర్వాత ఏమవుతుందో అనకాపల్లిని అడగండి. 2013లో అనకాపల్లి, భీమిలి మున్సిపాలిటీలను విశాఖ మహానగరపాలక సంస్థలో కలిపారు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. అయినా ఆ ఊరికి సొంత పాలకవర్గం లేదు, పక్క జిల్లాలో ఉన్న నగరపాలక సంస్థకు అది ఒక జోన్. ఒక జిల్లా కేంద్రం తన వీధి దీపం గురించి ఇంకో జిల్లా కేంద్రంలో అడగాలి. మా ఆమదాలవలసకు ఆ గతి నేను కోరుకోను. మా మున్సిపల్ ఆఫీసుకు నేను నడిచి వెళ్లగలను. అది నాకు చిన్న విషయం కాదు.

ఇంకొక మాట. మమ్మల్ని కలుపుకుంటామంటున్న నగరానికి 2010లో పాలకవర్గం గడువు ముగిసింది. 2014లో రాష్ట్రంలో చాలా చోట్ల మున్సిపల్ ఎన్నికలు జరిగితే అక్కడ జరగలేదు. 2021లోనూ జరగలేదు. గ్రామాల విలీనం మీద వచ్చిన వివాదాలే అందుకు కారణం. 2021లో మా ఊళ్లోనూ ఎన్నిక జరగలేదు, ఆ బాధ మాకు తెలుసు. ఇప్పుడు ఇంకో విలీనం తెస్తే ఇంకెన్నేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో ఉండాలి?

విలీన పంచాయతీ వాసి:

పై మాట చదివాక నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పంచాయతీని ఏ పట్టణంలో కలిపారో చెప్పను, ఉత్తరాంధ్రలోనే అనుకోండి.

కలిపిన రోజు మాకు చెప్పినవి మూడు. కుళాయి వస్తుంది, కాలువ వస్తుంది, భూమి ధర పెరుగుతుంది. మూడోది మాత్రం వచ్చింది. భూమి ఉన్నవాళ్లకు వచ్చింది. మా వీధిలో సగం మంది కూలీలు. వాళ్లకు పోయినదేమిటంటే ఉపాధి హామీ. ఆ పథకం గ్రామీణ ప్రాంతాలకే. పంచాయతీ బోర్డు తీసేసిన రోజునే ఆ పని కూడా పోయింది. వేసవిలో చెరువు పూడిక తీసి బియ్యం, పప్పు కొనుక్కునే ఇళ్లకు అది ఎంత దెబ్బో లెక్క ఎవరూ వేయలేదు. ఇంటి పన్ను 2021 నుంచి మున్సిపాలిటీలలో ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు కాబట్టి ఊరు పట్టణమై భూమి ధర పెరిగితే పన్ను కూడా పెరుగుతుంది. అమ్ముకునే ఉద్దేశం లేని ముసలమ్మకు ఆ ధరతో ఏం పని?

అన్నిటికంటే ఎక్కువ బాధ ఇంకొకటి. సర్పంచి ఉన్నప్పుడు రాత్రి పది గంటలకు మోటారు కాలిపోయిందని తలుపు కొట్టేవాళ్లం. తిట్టినా లేచి వచ్చేవాడు. కలిసిన తర్వాత మాకు ఎన్నికైన మనిషే లేడు. ఫిర్యాదు ఇస్తే నంబరు ఇచ్చారు. నంబరు తలుపు తీయదు కదా.

నేను పట్టణానికి వ్యతిరేకిని కాను. మా పిల్లలు అక్కడే చదివారు, మేమూ ఆసుపత్రికి అక్కడికే వెళ్తాం. కానీ హద్దు మార్చడం అంటే పటంలో గీత జరపడం ఒక్కటే అని అనుకునేవాళ్లు మా ఊరికి వచ్చి ఒక్క వారం ఉండండి.

పాత ఫైలు (విశ్రాంత మున్సిపల్ ఉద్యోగి):

ఏడు రోడ్ల బాబూ, నీ ఆలోచన వెనక ఉన్న బాధ నాకు అర్థమైంది. ఒకే పనికి రెండు ఖర్చులు. అది నిజం. అయితే ఖర్చు తగ్గించడానికి ఊళ్లను కలపనక్కర్లేదు, పనులను కలిపితే చాలు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనే చేసినవాడిగా చెబుతున్నాను: ఒక్కో సేవకు ఒక్కో సహజమైన పరిధి ఉంటుంది. వీధి దీపానికి వార్డు చాలు. వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసే కేంద్రం నడపాలంటే 40 వేల జనాభా ఉన్న ఊరు ఒక్కటే పశువైద్యుణ్ణి, బోనులను, వాహనాన్ని పోషించలేదు, మూడు నాలుగు ఊళ్లు కలవాలి. తాగునీటికైతే నది మొత్తం పరిధి. ఈ మూడింటికీ కలిపి ఒకే గీత గీస్తే ఏదో ఒకదానికి అది తప్పు గీత అవుతుంది.

నాగావళినే తీసుకోండి. శ్రీకాకుళం తాగే నీరు నదిలో ఇసుక కింద వేసిన ఊటబావుల నుంచి వస్తుంది. ఆ నీటిని మొదట వడకట్టేది ఇసుకే. ఆమదాలవలస ఎగువన ఉంది. ఎగువన మురుగు కలిసినా, ఇసుక తోడేసినా, ఆ ఫలితం దిగువన బావిలో కనిపిస్తుంది. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లో వచ్చింది. తాగునీటి బావులకు 500 మీటర్ల లోపల ఇసుక తీయకూడదని దాని నిబంధనలు చెబుతాయి. బావి ఒకరి హద్దులో, ఇసుక రేవు ఇంకొకరి హద్దులో ఉంటే కాపలా ఎవరు కాయాలి? ఆమదాలవలసను కలిపేసినా దానికి పైన బూర్జ ఉంటుంది, అంతకంటే పైన తోటపల్లి ఉంటుంది. ఎంతవరకు కలుపుకుంటూ పోతాం? ఒడిశా వరకా?

చెత్త విషయానికి వద్దాం. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలే ఐదు లక్షల లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థలు చెత్తను శాస్త్రీయంగా పూడ్చే ఉమ్మడి స్థలం ఏర్పాటు చేసుకోవాలని చెప్పాయి. గుంటూరు దగ్గర నాయుడుపేటలో చెత్తతో విద్యుత్ తయారుచేసే ప్లాంటుకు విజయవాడ, తెనాలి లాంటి ఊళ్ల చెత్త కూడా చేరుతుంది. అందుకోసం తెనాలిని గుంటూరులో కలపలేదు.

ఇంకా ముఖ్యమైనది రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణ ద్వారా చేర్చిన 243జెడ్‌డీ అధికరణ ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలి. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడిగా ఉన్న విషయాలు, నీటి పంపకం, మౌలిక వసతులు, పర్యావరణం అది చూడాలి. అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల మందిని జిల్లా పరిషత్తులో, మున్సిపాలిటీలలో ఎన్నికైన సభ్యులు తమలోనుంచే ఎన్నుకోవాలి. ఎన్నికైన కౌన్సిల్ లేని ఊరు అందులో ఎవరిని కూర్చోబెడుతుంది? హద్దుల తగువు వల్ల ఎన్నిక ఆగింది. ఎన్నిక ఆగడంతో హద్దుల గురించి మాట్లాడాల్సిన చోట మన కుర్చీ ఖాళీ అయింది. నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని విషయం ఇదే.

గంటస్తంభం (విజయనగరం):

మీ చర్చలో మేమూ ఉన్నాం. విజయనగరానికి తాగునీటిలో ఒక భాగం నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర చంపావతి నుంచి వస్తుంది, ముషిడిపల్లి నుంచి గోస్తనీ నీరు వస్తుంది. చంపావతి బావులున్నది నెల్లిమర్ల వైపు. నెల్లిమర్ల, జరజాపుపేట కలిపి 2013లో నగర పంచాయతీ చేశారు, 2021లో అక్కడ ఎన్నిక కూడా జరిగింది. అంటే మా గ్లాసులో నీరు మా కార్పొరేటర్ చేతిలో లేదు, పక్క ఊరి కౌన్సిలర్‌తో మాట్లాడి తీరాలి.

2024 అక్టోబరులో గుర్లలో అతిసారం వచ్చి మనుషులు చనిపోయారు. గుర్ల మా నుంచి దూరం కాదు. ఆ వార్త విన్న రోజు మా అమ్మ నీళ్లు రెండుసార్లు కాచింది. అప్పుడు మా వీధిలో ఎవరూ హద్దుల గురించి మాట్లాడుకోలేదు. ఏ ఊరి నీరు ఎవరు పరీక్షిస్తున్నారు, ఆ ఫలితం పక్క ఊరికి ఎన్ని గంటల్లో చేరుతుంది అని మాత్రమే అడిగారు. నాకు ఇప్పటికీ అదే ప్రశ్న.

ఏడు రోడ్ల వాసి:

పెద్దాయన గారూ, మీరు చెప్పిన చట్టం, నిబంధన నేను కాదనను. నా అనుమానం వేరు. ఒప్పందం రాసుకుంటారు, మొదటి ఏడాది డబ్బు కడతారు, రెండో ఏడాది బకాయి పడతారు. యార్డు ఉన్న ఊరు గేటు మూసేస్తుంది. నాలుగు రోజులు చెత్త వీధిలోనే ఉంటుంది. ఒకే సంస్థ అయితే ఈ గొడవే ఉండదు. 2007లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. తప్పులు ఉండవచ్చు గానీ చెత్తబండి హద్దు దగ్గర ఆగదు కదా.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వేరే జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బంది వచ్చి మన జిల్లాలో స్తంభాలు నిలబెట్టారు. వాళ్లను పంపింది పైన ఉన్న ఒకే వ్యవస్థ. ఒప్పందాలు చూసుకుని కాదు. ఆపదలో పని చేసేది ఆదేశమే అని నా నమ్మకం.

యార్డు పక్క ఊరు:

మీరంతా చెత్త ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు డబ్బు కట్టాలి అని మాట్లాడుతున్నారు. ఎవరి ఊళ్లో పోస్తారో ఒక్కరూ అనలేదు. రెండు ఊళ్లు కలిసినా, కలవకపోయినా చెత్త వచ్చేది ఒక పంచాయతీకే. మా ఇంటి నుంచి అలాంటి యార్డు కనిపిస్తుంది. వేసవిలో మంట అంటుకుంటే మూడు రోజులు పొగ. అన్నం గిన్నె మీద ఈగలు. మా ఊరికి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు, ఇది మా అక్క విషయంలో జరిగింది. మీ ఒప్పందంలో సంతకాలు రెండు ఉంటే మాకు అక్కర్లేదు. మూడో సంతకం మాది ఉండాలి.

పాత ఫైలు:

అమ్మా, మీ మాట మొదట రావాల్సింది, చివర వచ్చింది. నేను రాసిన దానిలో ఆ లోపం ఉంది, ఒప్పుకుంటున్నాను.

బాబూ, నీ అనుమానానికి ఇదీ నా జవాబు. తుఫాను నాలుగు రోజుల పని, చెత్త ఏడాదికి 365 రోజుల పని. రోజూ చేసే పనికి ఆదేశం చాలదు, లెక్క కావాలి. యార్డు గేటు దగ్గర కాటా పెట్టి, ఏ ఊరి బండి ఎన్ని టన్నులు తెచ్చిందో రాయాలి. జనాభాను బట్టి పంచుకుంటే తక్కువ చెత్త ఇచ్చే ఊరు నష్టపోతుంది, బరువును బట్టి మాత్రమే పంచుకుంటే చెత్తను దారిలోనే పారబోసే ప్రమాదం ఉంది. అందుకని యార్డు నిర్మాణం ఖర్చు జనాభాను బట్టి, రోజువారీ ఖర్చు బరువును బట్టి పంచుకోవాలి. మూడు నెలల ఖర్చు ముందుగానే ఉమ్మడి ఖాతాలో ఉంచాలి. అది తగ్గితే ఆ ఊరికి వచ్చే ప్రభుత్వ గ్రాంటు నుంచి నేరుగా భర్తీ చేయాలి, గేటు మాత్రం మూయకూడదు. టన్నుకు ఇంత చొప్పున డబ్బు యార్డు ఉన్న పంచాయతీకి వెళ్లాలి, ఆ డబ్బు ఆ ఊరి ఆరోగ్యానికి, నీటికి మాత్రమే ఖర్చు కావాలి. పొగ వస్తే యార్డును ఆపే హక్కు ఆ గ్రామసభకు ఉండాలి.

శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ ఉంది కదా, అది చూసుకోదా అని ఎవరైనా అడగవచ్చు. లేఅవుట్లు, రోడ్ల ప్రణాళిక దాని పని. రోజూ ఉదయం చెత్తబండి నడపడం దాని పని కాదు.

స్టేషన్ వీధి:

మూడో సంతకం ఉంటే నేను ఒప్పుకుంటాను. కుక్కల కేంద్రంతో మొదలుపెడితే మంచిదని నా ఆలోచన. అది చిన్న పని, గొడవ తక్కువ. అది ఏడాది సరిగ్గా నడిస్తే చెత్త, ఆ తర్వాత నది. మొదటే నది దగ్గర మొదలుపెడితే ఇసుక డబ్బు అడ్డొస్తుంది.

విలీన పంచాయతీ వాసి:

నది ఆగదు కదా అమ్మా. కుక్కల కేంద్రం ఏడాది చూడవచ్చు, మంచిదే. కానీ నీటి పరీక్ష ఫలితం పక్క ఊరికి పంపడానికి ఏ భవనం కట్టాలి? ఒక ఫోను చాలు. అది ఇప్పుడే చేయమని అడగండి.

ఏడు రోడ్ల వాసి:

విలీనం మంచిదన్న నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. కానీ విలీన పంచాయతీ వాసి గారు రాసిన ఉపాధి హామీ సంగతి నాకు నిజంగా తెలియదు. తెలిసి ఉంటే మొదటి పోస్టు అలా రాసేవాణ్ణి కాదు.

ఒక పని మొదలుపెడుతున్నాను. నేను రోజూ వెళ్లే దారిలో ఒక కల్వర్టు పక్కన చెత్త గుట్ట ఉంది. ఇటు వాళ్లను అడిగితే అటు వాళ్లదన్నారు, అటు వాళ్లను అడిగితే పంచాయతీదన్నారు. రేపటి నుంచి ఏడు రోజులు ఉదయం ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకు అక్కడ కూర్చుని ఏ వైపు నుంచి ఎన్ని బళ్లు వచ్చి పోస్తున్నాయో రాస్తాను. ఆ కాగితం, నీటి పరీక్షల ఫలితాలు పంచుకోవాలన్న అర్జీ రెండూ కలిపి ఆ తర్వాతి సోమవారం కలెక్టర్ కార్యాలయంలో ప్రజల అర్జీలు తీసుకునేటప్పుడు ఇస్తాను. ఆమదాలవలస నుంచి ఒకరు, మధ్య పంచాయతీ నుంచి ఒకరు వస్తే ముగ్గురం సంతకం పెడదాం. ఎవరు వస్తారు?

యార్డు పక్క ఊరు:

నేను వస్తాను. మా అక్కను కూడా తీసుకొస్తాను.