వేసవి సెలవుల ముందు ప్రశ్న: మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కు తలుపు వేయాలా, తెరిచే ఉంచాలా?

బెంజి సర్కిల్:

విజయవాడ, గుంటూరు, తెనాలి పిల్లలు కలిసి ఆడుకునే, మేం నడిపే జావా (కంప్యూటర్ వెర్షన్) సర్వర్ సంగతి ఇది. పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. రెండు వెర్షన్లనూ కలిపే గీజర్, ఫ్లడ్‌గేట్ ఉన్నాయి కాబట్టి ఫోన్లలో బెడ్‌రాక్ వెర్షన్ ఆడేవాళ్ళూ వస్తారు. రోజూ వచ్చేది నలభై మంది లోపే, ఎక్కువగా హైస్కూలు, ఇంటర్ పిల్లలు. ప్రకాశం బ్యారేజీని మీటరుకో బ్లాకు లెక్కన కడుతున్నారు. అసలు బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, కాబట్టి ఇక్కడా 1,223 బ్లాకులు. ముప్పాతిక వంతు అయింది. పరీక్షలు అయిపోగానే జనం పెరుగుతారు. వాళ్ళ వెనకే కూలగొట్టే గ్రీఫర్లు, మనిషి లేకుండా ప్రోగ్రామ్ నడిపే బాట్లు వస్తాయి.

వైట్‌లిస్ట్ పెట్టి తెలిసినవాళ్ళనే రానివ్వాలా? తలుపు తెరిచే ఉంచి, పాడైనదాన్ని రోల్‌బ్యాక్‌తో వెనక్కి తెచ్చుకుంటూ పోవాలా? ఎటువైపో చెప్పి ఆగిపోకండి, ఎందుకో సెట్టింగులతో సహా చెప్పండి.

బ్రాడీపేట నాలుగో లైను:

మూసేయండి. కట్టడానికి నెలలు పడుతుంది, నాలుగు లావా బకెట్లు పోయడానికి నిమిషం చాలు. ఈ రెంటికీ పొంతన లేనప్పుడు గుమ్మం దగ్గరే ఆపాలి.

సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో మూడు లైన్లు చూడండి. ఆన్‌లైన్ మోడ్ ట్రూ ఉండాలి. అది ఫాల్స్‌లో ఉంటే వచ్చినవాడి ఖాతాను మైక్రోసాఫ్ట్ దగ్గర సరిచూడటం జరగదు. ఎవడైనా అడ్మిన్ పేరు పెట్టుకుని అడ్మిన్ అధికారాలతో సహా లోపలికి వస్తాడు, వైట్‌లిస్ట్ ఉన్నా లేనట్టే. రెండోది వైట్‌లిస్ట్ ట్రూ. మూడోది చాలామంది మర్చిపోయే ఎన్‌ఫోర్స్ వైట్‌లిస్ట్. దాన్ని ట్రూ చేయకపోతే జాబితాలో లేనివాడు అప్పటికే లోపల ఉంటే అలాగే ఉండిపోతాడు. ఫోన్లలో ఆడేవాళ్ళ పేరు ముందు ఫ్లడ్‌గేట్ ఒక చుక్క పెడుతుంది. వాళ్ళను ఫ్లడ్‌గేట్ సొంత వైట్‌లిస్ట్ కమాండ్‌తో చేర్చండి, మామూలు దానితో తికమక అవుతుంది.

కొత్తవాళ్ళ కోసం పూచీ పద్ధతి పెట్టండి. పాతవాళ్ళు ఒక్కొక్కరు ఇద్దరికి పూచీ ఉండొచ్చు. తెచ్చినవాడు కూలగొడితే పూచీ ఉన్నవాడు నెల రోజులు ఇంకెవరినీ తేవడానికి వీల్లేదు. తమ మాట పోతుందంటే పిల్లలే జాగ్రత్తగా ఎంచుకుంటారు.

లబ్బీపేట:

నాలుగో లైను గారూ, సెట్టింగులన్నీ సరైనవే. ఆ గోడ ఎవరిని ఆపుతుందన్నదే నా ప్రశ్న. నలభై మంది ఆడే సర్వర్లో ఎక్కువ నష్టం చేసేది లోపలివాళ్ళే. జట్టు విడిపోతుంది, చాట్‌లో ఫలానా హీరో అభిమానులని మాటా మాటా పెరుగుతుంది, ఆ రాత్రికే ఒకడి ఇల్లు కాలిపోతుంది. కాల్చినవాడి పేరు వైట్‌లిస్ట్‌లోనే ఉంటుంది, చెస్ట్ (సామాన్ల పెట్టె) ఏ అంతస్తులో ఉందో కూడా వాడికి తెలుసు. బయటివాడికి ముందు బ్యారేజీ ఎక్కడుందో కూడా తెలియదు.

కాబట్టి లోపలి కాపలా ఎలాగూ కావాలి. అది గట్టిగా ఉంటే వైట్‌లిస్ట్ వల్ల అదనంగా వచ్చేది కొంచెమే, పోయేది మాత్రం చాలా. సత్తెనపల్లిలో ఒక్కడే ఆడుకునే పిల్లాడికి పూచీ ఎవరుంటారు?

గ్రీఫ్‌ప్రివెన్షన్ ప్లగిన్ (సర్వర్‌కు జోడించే చిన్న ప్రోగ్రామ్) వేయండి. కొత్తవాడు మొదటి చెస్ట్ పెట్టగానే దాని చుట్టూ 9×9 స్థలం వాడి పేరున పడుతుంది. తర్వాత బంగారు పారతో రెండు మూలలు కొట్టి పెంచుకోవచ్చు, ఎవరి స్థలమో కర్రతో చూసుకోవచ్చు. మొదట 100 బ్లాకుల హక్కు, ఆపైన ఆడిన గంటకు 100 చొప్పున పెరుగుతుంది. ఇల్లు కట్టుకునేవాడికి అది సరిపోతుంది, బ్యారేజీకి చాలదు. 1,223 పొడవు, 15 వెడల్పు అనుకుంటే 18,345 బ్లాకులు, అంటే ఒక్క పిల్లాడు 180 గంటలకు పైగా ఆడాలి. ఇలా పేరున పడిన స్థలాన్నే క్లెయిమ్ అంటారు. కాబట్టి బ్యారేజీని అడ్మిన్ క్లెయిమ్ కింద పెట్టి, కట్టేవాళ్ళకు మాత్రమే ట్రస్ట్ (అనుమతి) ఇవ్వండి. ఒకటి గుర్తుంచుకోండి, ట్రస్ట్ అంటే పగలగొట్టే హక్కు కూడా. చూడటానికి వచ్చేవాళ్ళకు తలుపులు, మీటలు తాకే యాక్సెస్ ట్రస్ట్ చాలు.

క్లెయిమ్ గడువు కూడా కన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైల్‌లో) చూసుకోండి. పబ్లిక్ పరీక్షలని రెండు నెలలు రాని పిల్లాడి స్థలం గడువు తీరి ఊడిపోతే, అది ఏ గ్రీఫరూ చేయనంత నష్టం.

గవర్నర్‌పేట:

ఎవరు ఏ బ్లాకు మార్చారో రాసిపెట్టి వెనక్కి తెచ్చే కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్ లేకుండా తెరిచి ఉంచే మాటే వద్దు. ఉన్నా, రోల్‌బ్యాక్ అనగానే అంతా సరైపోతుందని అనుకోకండి.

రోల్‌బ్యాక్ కమాండ్‌కు ఆటగాడి పేరు, ఎంతసేపటి వెనక్కి, ఎంత వ్యాసార్థం అన్న మూడూ ఇవ్వాలి. వ్యాసార్థం ఇవ్వకపోతే మీరు నిలబడ్డ చోటి నుంచి 10 బ్లాకులే తీసుకుంటుంది. కన్ఫిగ్ మార్చకపోతే గరిష్ఠం 100. 1,223 బ్లాకుల బ్యారేజీని ఒక చివర నిలబడి బాగుచేయలేరు. నడుచుకుంటూ ముక్కలుగా చేయాలి, లేదా వ్యాసార్థం స్థానంలో గ్లోబల్ ఇవ్వాలి. గ్లోబల్ ఇస్తే వాడు ఆ వేళలో ఇంకెక్కడో బుద్ధిగా కట్టింది కూడా పోతుంది. అందుకే ముందు ప్రివ్యూ, తర్వాతే అసలుది. పొరపాటైతే వెంటనే అన్‌డూ ఉంది.

ఆటగాడి పేరుతో రోల్‌బ్యాక్ చేసినా బ్యారేజీలో గుంతలు మిగిలితే కంగారు పడకండి. పేలుడు పోగొట్టిన బ్లాకులు చాలాసార్లు టీఎన్‌టీ పేరునే లాగ్‌లో పడతాయి, మంట కాల్చినవి నిప్పు పేరున. వాటిని విడిగా, అదే వేళకు, తక్కువ వ్యాసార్థంతో వెనక్కి తేవాలి. చెస్ట్ దొంగతనం ఇంకో రకం. చెస్ట్‌లోకి వజ్రాలు తిరిగి వస్తాయి, దొంగ జేబులోనివి అక్కడే ఉంటాయి. ముందు వాడి దగ్గర ఖాళీ చేయించకపోతే వజ్రాలు రెట్టింపైనట్టే.

మంగళగిరి:

బాట్లను గ్రీఫర్లతో ఒక గాటన కట్టకండి. గ్రీఫర్‌కు కోపమో సరదానో ఉంటుంది, మాటతోనో నిషేధంతోనో ఆగుతాడు. బాట్‌కు అవేమీ లేవు. ఐపీ చిరునామాలన్నీ వరసగా జల్లెడ పడుతూ మైన్‌క్రాఫ్ట్ మామూలుగా వాడే 25565 పోర్ట్ తెరిచి ఉందా అని చూసే స్కానర్లు ఉన్నాయి. మీ సర్వర్ పేరు ఎక్కడా చెప్పకపోయినా వాటికి దొరుకుతుంది. అది దాడి కాదు, కానీ దాని వెనక వచ్చేవాళ్ళు ఉంటారు. పెద్ద సంస్థలకే ఈ బెడద తప్పలేదు. వాల్వ్ సంస్థ ఆట టీమ్ ఫోర్ట్రెస్ 2లో బాట్లు గుంపుగా చేరి, ఓటు వేసి మనుషులను బయటికి పంపేవి. ఆటగాళ్ళు 2022లో ఒకసారి, 2024లో మళ్ళీ ఉద్యమం చేయాల్సి వచ్చింది. అందుకని చిన్న సర్వర్లో ఓటుతో గెంటే ప్లగిన్ అసలు పెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఐపీ బ్యాన్ వాడొద్దు. మన దగ్గర మొబైల్ డేటా, చాలా కేబుల్ కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి. అంటే బోలెడు ఇళ్ళు బయటికి ఒకే ఐపీవీ4 చిరునామాతో కనిపిస్తాయి. రూటర్‌లో వాన్ (WAN, బయటి వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే. పటమటలో ఒకణ్ణి ఐపీతో ఆపితే వీధిలో మిగతా పిల్లలూ ఆగిపోతారు, అసలువాడు ఫోన్ ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి తీసి కొత్త చిరునామాతో వచ్చేస్తాడు. సర్వర్ ఇంట్లోనే పెట్టి టన్నెల్ (మధ్యలో ఇంకో సర్వర్ గుండా తెచ్చే దారి) ద్వారా నడిపితే ఇంకా ప్రమాదం. అందరూ ఒకే చిరునామా నుంచి వచ్చినట్టు కనిపించే టన్నెళ్ళు ఉన్నాయి, అక్కడ ఒక్క ఐపీ బ్యాన్‌తో సర్వర్ మొత్తం ఖాళీ అవుతుంది. ఖాతానే నిషేధించండి.

ఇదే చిక్కు సర్వర్‌లోని బుక్కిట్ కన్ఫిగ్ ఫైల్‌లో ఉండే కనెక్షన్ త్రాటిల్‌తోనూ వస్తుంది. మామూలుగా 4000 మిల్లీసెకన్లు ఉంటుంది. ఒకే ఐపీ నుంచి నాలుగు సెకన్ల లోపు రెండోసారి వస్తే ఆపుతుంది. ఒకే వైఫై మీద అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నొక్కితే ఒకడికి ఎర్రర్ వస్తుంది. అందుకని తీసేయకండి, బాట్ల వరదకు అది మొదటి అడ్డు. కాసేపు ఆగి నొక్కమని పిల్లలకు చెప్పండి. ముందు వెలాసిటీ ప్రాక్సీ (ఆటగాళ్ళను అందుకుని వెనక సర్వర్‌కు పంపే ప్రోగ్రామ్) పెట్టుకుంటే మాత్రం వెనక సర్వర్లో త్రాటిల్‌ను -1 చేసి, అంటే ఆపేసి, వెనక పోర్ట్‌ను ఫైర్‌వాల్‌తో మూయాలి. అది మూయకపోతే ప్రాక్సీని దాటి నేరుగా వెనక సర్వర్‌కే వస్తారు.

పాత వెర్షన్ మీద ఆగిపోవద్దు. 2021 డిసెంబరులో లాగ్‌లు రాసే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు చాట్‌లో ఒక్క లైను రాస్తే చాలు, సర్వర్ యంత్రమే పరాయి చేతుల్లోకి పోయేది. మైన్‌క్రాఫ్ట్ 1.18.1తో సరిచేశారు.

బ్రాడీపేట నాలుగో లైను:

మంగళగిరి గారు చెప్పినవన్నీ నా వైపే వస్తున్నాయి కదా? ఐపీ బ్యాన్ పనిచేయదంటే ఖాతా నిషేధమే మిగిలింది. బెడ్‌రాక్ వైపు ఎక్స్‌బాక్స్ ఖాతా ఉచితం. పొద్దున నిషేధిస్తే సాయంత్రానికి కొత్త పేరుతో ఉంటాడు. జావా ఖాతా డబ్బు పెట్టి కొనాలి, అక్కడ నిషేధానికి విలువ ఉంది. ఫోన్లవాళ్ళకైనా వైట్‌లిస్ట్ ఉండాల్సిందే.

లబ్బీపేట:

ఫోన్లవాళ్ళంటే ఇక్కడ సగం మంది. కంప్యూటర్ లేని ఇంటి పిల్లలకే గేటు వేస్తున్నారన్నమాట. దానికి నేను ఒప్పుకోను.

ఇంకో దారి ఉంది. అందరినీ రానివ్వండి, కొత్తవాళ్ళ చేతులు మాత్రం కట్టండి. ఎవరికి ఏ హక్కో చూసే లక్‌పర్మ్స్ ప్లగిన్‌లో డీఫాల్ట్ గ్రూపుకు కట్టే హక్కు తీసేసి, ఎసెన్షియల్స్ఎక్స్ యాంటీబిల్డ్ ప్లగిన్‌తో టీఎన్‌టీ, లావా బకెట్, చెకుముకి ఆపండి. కొత్తవాడు తిరుగుతాడు, చూస్తాడు, చాట్ చేస్తాడు. మూడు గంటలు ఆడాక సభ్యుల గ్రూపులోకి మార్చండి. నిప్పు వ్యాపించకుండా గేమ్‌రూల్ అందరికీ ఒకటే.

బ్రాడీపేట నాలుగో లైను:

మూడు గంటలు బాట్‌ను నిలబెట్టడం ఎంతసేపు? ఆట వేళను లెక్కించే ప్లగిన్లు చాలావరకు లోపల ఉన్న సమయాన్నే లెక్కిస్తాయి, ఆడాడా లేదా అన్నది చూడవు.

మంగళగిరి:

అందుకే గంటలు కాకుండా క్లెయిమ్ బ్లాకులు చూడండి. గ్రీఫ్‌ప్రివెన్షన్ కదలకుండా నిలబడ్డవాడికి బ్లాకులు ఇవ్వదు. బండిలో కూర్చున్నా, నీటి ప్రవాహంలో తోసుకుపోతున్నా లెక్కలోకి తీసుకోదు. 100తో మొదలైనవాడు 400కు చేరాడంటే మూడు గంటలు నిజంగా నడిచాడని. నడిచే బాట్ రాయలేరని అనను, కానీ నలభై మంది సర్వర్ కోసం అంత కష్టపడేవాళ్ళు అరుదు.

అరండల్‌పేట:

పూచీ పద్ధతి పెట్టినా, పెట్టకపోయినా, పిల్లల ఫోన్ నంబర్లు మాత్రం అడగకండి. గుర్తింపు కోసమని వాట్సాప్ నంబరు, స్కూలు ఐడీ ఫోటో అడిగే సర్వర్లు ఉన్నాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం (2023) ప్రకారం 18 ఏళ్ళు నిండని వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ జాబితా ఒక కోపిష్టి మోడరేటర్ చేతిలో పడితే గొడవ ఆటలోంచి ఇంటికి వస్తుంది. ఆటలోని పేరు, ఖాతా యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) చాలు. పేరు మార్చుకున్నా యూయూఐడీ మారదు.

బూతుల ఫిల్టర్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. తెలుగు తిట్టును ఇంగ్లీషు అక్షరాల్లో పది రకాలుగా రాస్తారు. పదీ చేర్చేసరికి ఇంటిపేర్లు, ఊరిపేర్లు కూడా ఆగిపోతుంటాయి. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా తెలుగు తెలిసిన మోడరేటర్ ఒకరు లోపల ఉంటే అంతకన్నా మేలు. ఆ మోడరేటర్‌కు ఓపీ (పూర్తి అధికారాలు) ఇవ్వొద్దు. లక్‌పర్మ్స్‌లో చూడటం, మ్యూట్ చేయడం, తాత్కాలికంగా బయటికి పంపడం, ఈ మూడే ఇవ్వండి. రోల్‌బ్యాక్ హక్కు కూడా వద్దు, తప్పుగా వాడితే అదే పెద్ద గ్రీఫింగ్.

బెంజి సర్కిల్:

బ్యారేజీకి అడ్మిన్ క్లెయిమ్, కొత్తవాళ్ళకు 400 క్లెయిమ్ బ్లాకుల దాకా కట్టే హక్కు లేకపోవడం, ఐపీ బ్యాన్ తీసేయడం ఈ వారమే చేస్తాం. నంబర్లు అడగం. ఫోన్లవాళ్ళకు విడిగా వైట్‌లిస్ట్ పెట్టడంపై మాత్రం ఇంకా తేలలేదు. నాలుగో లైను గారు చెప్పిన ఉచిత ఖాతాల సమస్యకు లబ్బీపేట గారు పూర్తి జవాబు ఇవ్వలేదనే నాకనిపిస్తోంది.

లబ్బీపేట:

నిజమే, ఇవ్వలేదు. కొత్త ఖాతాతో మళ్ళీ వచ్చినవాడు కూడా 400 బ్లాకులు మళ్ళీ నడవాలి. ఆ మూడు గంటలే నా జవాబు. చాలకపోతే 600 చేయండి, గేటు మాత్రం వేయకండి.

బ్రాడీపేట నాలుగో లైను:

మే నెలాఖరు దాకా అలా నడిపి చూడండి, బ్యారేజీ మీద ఎన్నిసార్లు రోల్‌బ్యాక్ చేశారో లాగ్ చూసి మాట్లాడుకుందాం. ఈలోగా బ్యాకప్ ఒక్కటి సరిగ్గా పెట్టండి. సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్ కాపీ చేస్తే ప్రపంచం సగం పాతది, సగం కొత్తది అవుతుంది. ముందు ఆటోసేవ్ ఆపి, సేవ్ ఆల్ ఫ్లష్ ఇచ్చి, కాపీ అయ్యాక ఆటోసేవ్ మళ్ళీ పెట్టాలి. కోర్‌ప్రొటెక్ట్ డేటాబేస్ కూడా ఆ కాపీలోనే ఉండాలి. రోజుకొకటి చొప్పున ఏడు, వారానికొకటి చొప్పున నాలుగు ఉంచండి, సర్వర్ ఉన్న యంత్రం మీద మాత్రం కాదు. నెలకోసారి అందులో ఒకదాన్ని వేరే పోర్ట్ మీద తెరిచి, బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూడండి.