అప్‌డేట్: 28 పోచంపల్లి చీరల లాంచ్, ఈసారి ఓవర్‌సెల్ లేదు

పోయినసారి మా ఆన్‌లైన్ స్టోర్‌లో 28 చీరలు పెడితే 33 ఆర్డర్లు పడ్డాయి (ఓవర్‌సెల్ అంటే ఇదే). ఎందుకని ఇక్కడ అడిగాను, కారణం దొరికింది. మా స్టోర్‌లో పేమెంట్ పూర్తయ్యాకే స్టాక్ తగ్గేది. యూపీఐలో పెండింగ్ పడ్డ డబ్బు ఆలస్యంగా జమయ్యేలోపు అదే చీర ఇంకొకరికి వెళ్లిపోయేది.

ఇప్పుడు చెక్అవుట్ మొదలవగానే చీరను 10 నిమిషాలు హోల్డ్ చేస్తున్నాం. పేమెంట్ చేయడానికి గడువు మాత్రం 8 నిమిషాలే. చివరి క్షణంలో కట్టిన డబ్బు జమయ్యేదాకా చీర హోల్డ్‌లోనే ఉండాలి కాబట్టి ఈ రెండు నిమిషాల తేడా చాలా ముఖ్యం, రెండూ సమానంగా పెట్టకండి. గడువు దాటి వచ్చిన డబ్బు ఆర్డర్‌గా మారకుండా రీఫండ్‌కు వెళ్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ తీసేశాం, ఫోన్ నంబరుకు ఒక్క చీరే.

మీరు సలహా ఇచ్చినట్టే ఈసారి 28లో 26 అమ్మకానికి పెట్టి, రెండు పక్కన ఉంచాం. అది మంచిదైంది. పోచంపల్లి చీరలు ఇక్కత్ నేత, అంటే దారాలకు ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి పువ్వు అంచు కాస్త మసకగా ఉండటం సహజమే, కానీ ప్యాకింగ్‌లో విప్పి చూస్తే ఒక చీరకు కొంగు దగ్గర పేక (అడ్డపు దారం) జరిగి పువ్వు రెండుగా విరిగింది. కొన్నవారికి ఫోటో పంపి, వాళ్లు సరేనన్నాకే మార్చాం. ఇకపై విప్పి చూడటం లిస్టింగ్‌కు ముందే.

అందరికీ ధన్యవాదాలు.